బాలసాహిత్య నిర్మాత చక్రపాణిగారు



సభా సంచికలయందు లోకోపకారులగు పెద్దల జీవితములను ప్రకటించుట మనలో నాచారముగా వచ్చుచున్నది. చెఱువులు త్రవ్వించిన దాతలు, పాఠశాలలు నెలకొల్పిన విద్యాభిమానులు, గ్రంథములు రచించిన పండితులు ఇందులకు పాత్రులగుట సహజము. పసిపిల్లలకు కథలు వ్రాయించి, బొమ్మలు వేయించి, ఆ పనిని మర్యాదగల వృత్తిగాను, నిలువగల వ్యాపారముగాను తీర్చిన వ్యక్తి జీవితము కూడ నట్టి గౌరవమునకు దగినదే యని విన్నవించుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాను. ఆ వ్యక్తి చందమామ మాసపత్రిక స్థాపకులలో నొకరును, దాని సంపాదకులును అగు చక్రపాణిగారు.

మన కొల్లేటికోట నీటినడుమ వెలసిన గ్రామము. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీరు కొల్లేట జేరి ఉప్పుటేటి మార్గమున సముద్రమును బొందుచున్నది. ఫాల్గుణమాసమున పెద్దింట్లమ్మవారి జాతరకు వచ్చు బాలబాలికలు తాటిదోనెలను, గూడబాతులను, వలలలో మిలమిలలాడు చేపలను జూచి మురియుదురు. వీరి కన్నులయెదుట కథలకు కొదువలేదు. కాని వీరి చేతిలో, వీరి వయసునకు దగిన పుస్తకమెన్ని యిండ్లలో నున్నదని యెవరైన నడిగినచో మనము తలవంచుకొనవలసియున్నది. చక్రపాణిగారి జీవితము మనకు పనికివచ్చునది ఇచ్చటనే. వారు కృష్ణానదికి ఆవల, తెనాలిలో సామాన్యకుటుంబమున బుట్టి, ఈ కొఱతను దీర్చు విద్యను ఎవరును నేర్పకయే, దూరపు దారులవెంట నడచి, మెల్లమెల్లగా నేర్చుకొనిరి.

బాల్యము - భాషాభ్యాసము

వీరి యసలు పేరు ఆలూరి వేంకట సుబ్బారావుగారు. 1908వ సంవత్సరము ఆగష్టు 5వ తేదీన గుంటూరుజిల్లా తెనాలియందలి ఐతానగరమున జన్మించిరి. వారి యౌవనకాలమున దేశమంతట జాతీయోద్యమము వ్యాపించియుండెను. హిందీ నేర్చుటయు, నేర్పుటయు దేశసేవలో నొక భాగముగా నెంచబడుచుండెను. సుబ్బారావుగారు ఆ భాషను శ్రద్ధతో నభ్యసించి, పిమ్మట తామే విద్యార్థులకు బోధింపసాగిరి. వ్రజనందనశర్మగారను హిందీ పండితులు వారికి చక్రపాణి యను కలంపేరు నొసగిరి. కాలక్రమమున నాపేరే మిగిలి, తల్లిదండ్రులు పెట్టినపేరు మఱుగుపడెను.

భాష నేర్పువానికి తెలియు రహస్యమొకటి కలదు. నేర్చుకొనువాడు ఏ మాటయొద్ద నాగిపోవునో, ఏ వాక్యము పొడవై యూపిరి సలుపనీయదో, ఏ యుదాహరణము చెప్పినంతనే ముఖము వికసించునో, అది గ్రంథములవలన దెలియదు. ఎదుటివాని ముఖము జూచియే గ్రహింపవలెను. పిల్లలకొఱకు వ్రాయువానికి కావలసిన మొదటి విద్య ఇదియే. చక్రపాణిగారు బాలసాహిత్యమును తలపెట్టుటకు చాలముందే దీనిని సంపాదించుకొనిరి.

రోగశయ్య - వంగభాష

యౌవనముననే వారిని క్షయవ్యాధి పట్టెను. 1932లో మదనపల్లె శానిటోరియమున చికిత్సకై చేరిరి. ఆ రోగమునకు సరియైన మందు అప్పటికింకను కనుగొనబడలేదు. స్ట్రెప్టోమైసిన్ వెలువడినది 1943లో. విశ్రాంతి, మంచిగాలి, పుష్టికరమగు నాహారము, వీనినే నమ్ముకొని రోగులు దినములు లెక్కించుకొనుచుండెడివారు. అట్టి స్థితిలో మనుజుడు నిరాశకు లోనగుట సహజము. చక్రపాణిగారు ఆ తీఱికను విద్యాభ్యాసమునకు వినియోగించిరి. తోటిరోగియొకరు వంగభాష నెఱిగియుండగా, వారియొద్ద ఆ భాషను నేర్చుకొనిరి.

ఈ విద్యయే వారిని రచయితగా నిలిపినది. శరత్‌చంద్ర చట్టోపాధ్యాయుని నవలలను, దేవదాసు మొదలగువానిని, తెనిగించిరి. ఆ యనువాదములు చదివిన తెలుగువారికి శరత్‌బాబు పరాయివాడని తోచలేదు. వంగదేశపు పల్లె మన పల్లెవలెను, ఆ యింటి యాడపడుచు మన యింటి యాడపడుచువలెను కనబడెను. మూలములోని మాటకు మాట పెట్టుటతో నిది సాధ్యపడదు. కథ జరిగిన చోటు మాఱకుండవలె, చెప్పు గొంతు మాత్రము మనదై యుండవలె. తరువాతి కాలమున గ్రీకుదేశపు ఒడిస్సీకథ చందమామలో రూపధరుని యాత్రలుగా వెలువడినప్పుడు, తెలుగుబాలురు దానిని తమ తాతలనాటి కథగా జదువుకొనిరి. ఆ నేర్పునకు బీజము మదనపల్లె రోగశయ్యపై పడినదని చెప్పవచ్చును.

ముద్రణాలయము - చలనచిత్రము

ఆరోగ్యము చేకూరినపిమ్మట చక్రపాణిగారు తెనాలిలో యువ యను మాసపత్రికను నడపిరి. తెనాలివారే యగు కొడవటిగంటి కుటుంబరావుగారు ఇందు వారికి తోడైరి. చిన్నయూరి పత్రికయందు సంపాదకుడు సంపాదకుడుగా మాత్రమే యుండుటకు వీలులేదు. కాగితము ధర విచారింపవలె, ప్రూఫులు దిద్దవలె, తపాలాకు సంచికలు కట్టవలె, చందా రానివారికి జాబు వ్రాయవలె. రచన యెంత యుత్తమమైనను నెల మొదటి తేదీకి పాఠకుని చేరనిచో అది వ్యర్థమను సత్యము ఇట్టిచోటనే తెలియును.

అటుపిమ్మట చలనచిత్రములు వారిని ఆకర్షించెను. 1941లో విడుదలయైన ధర్మపత్నికిని, 1945లో బి.ఎన్. రెడ్డిగారు నిర్మించిన స్వర్గసీమకును సంభాషణములు వ్రాసిరి. పుస్తకము చదువువాడు తెలియనిచోట వెనుకకు మఱలి చూడగలడు. చిత్రము చూచువానికి ఆ యవకాశములేదు. మాట ఒక్కసారి వినినంతనే తెలియవలెను. మాటతో జెప్పనక్కఱలేనిది కంటికి జూపవలెను. బొమ్మల పుస్తకమునకును ఇదియే ధర్మము. కోటగోడ యెంత యెత్తో బొమ్మ చెప్పుచుండగా, దానినే మఱల వాక్యముతో వర్ణించుట వృథా ప్రయాస.

ఈ విధముగా బోధన, అనువాదము, పత్రికానిర్వహణము, చలనచిత్రరచన యను నాలుగు విద్యలు ముప్పదితొమ్మిదేండ్లు నిండులోపల వారికలవడెను. వీనిలో నేదియు పిల్లలకొఱకని నేర్చినది కాదు. అన్నియు పిల్లలకొఱకే పనికివచ్చెను.

చందమామ యుదయము

మద్రాసునందు బి. నాగిరెడ్డిగారికి బి.ఎన్.కె. ముద్రణాలయ ముండెను. వారు 1912లో కడపజిల్లాయందు జన్మించినవారు, ముద్రణకళయందును వ్యాపారమందును సమర్థులు. చక్రపాణిగారి యూహకు నాగిరెడ్డిగారి సాధనసంపత్తి తోడయ్యెను. 1947 జూలైలో, దేశస్వాతంత్ర్యమునకు నెలముందుగా, చందమామ తెలుగున వెలువడెను. తమిళమున అంబులిమామ యనుపేర నదే నెలలో బయలుదేరెను.

అంతకుముందు తెలుగుబాలురకు పత్రికలే లేవనుట సత్యముకాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లోనే బాల పత్రికను స్థాపించి, పిల్లల చేతనే వ్రాయించి, ఆడించి, పాడించి మహోపకార మొనర్చిరి. ఆ పుణ్యదంపతులను స్మరింపక యీ కథ చెప్పుట కృతఘ్నత. అయినను సామాన్యగృహములయందు బాలుర చదువనగా పెద్దబాలశిక్ష, శతకములు, ఎక్కములు, ఇవియే. అవి నేర్వవలసినవి. కోరి చదువునది వేఱుగ నొకటి యుండవలెనని చక్రపాణిగారు తలంచిరి. బడిపంతులు బెత్తము పట్టనక్కఱలేకయే బాలుడు తనంతట తెఱచు పుస్తకము వారి లక్ష్యము.

కథ వ్రాయు విద్య

పిల్లల కథ వ్రాయుట సులభమని తలచువారనేకులు గలరు. ఆ కాలపు చందమామ పుటలను తెఱచి చూచినచో ఆ భ్రమ తొలగిపోవును. వాక్యములు చిన్నవి. ఒక వాక్యమున నొక పని మాత్రమే జరుగును. రాజుగారెవరో, ఆయనకు వచ్చిన చిక్కేమో మొదటి నాలుగైదు పంక్తులలోనే తెలిసిపోవును. భయంకరమైన దయ్యములు కూడ మనుజులతో తగవులాడుచు, ఒక్కొక్కప్పుడు మోసపోవుచు, పిల్లవానిని నవ్వించునేగాని నిద్రలో నులికిపడజేయవు. నీతి కథలోపలనే యిమిడియుండును. చివరను ప్రత్యేకముగ తగిలింపబడదు.

భాషావిషయమున వారు చేసిన నిర్ణయము గొప్పది. గ్రాంథికమునకు పండితలోకమున గౌరవమున్న దినములలో, ఇంటిలో పెద్దలు మాటలాడు నిర్మలమైన వాడుకభాషనే పిల్లలకథలకు గ్రహించిరి. ఏ యొక్క జిల్లా యాసయు మితిమీఱి వినబడకుండ, ఏ ప్రాంతపు బాలునకును పరాయిది కాకుండ దానిని తీర్చిరి. సంప్రదాయము ననుసరించి యీ వ్యాసము గ్రాంథికముననే సాగుచున్నను, ఇట్టి భాషతో ఏడేండ్ల బాలుని దగ్గఱకు జేర్చుకొనుట సాధ్యముకాదని యొప్పుకొనుటకు సంకోచములేదు.

1952నుండి కొడవటిగంటి కుటుంబరావుగారు పత్రికయొక్క రచనాభారమును వహించిరి. పెద్దలకొఱకు గంభీరములైన కథలు, నవలలు, విమర్శలు వ్రాసిన యా మహారచయిత దాదాపు ముప్పదియేండ్లు పిల్లల పత్రికకు తన ప్రతిభను ధారవోసిరి. దూరగ్రామములనుండి పాఠకులు పంపిన కథలను సైతము తిరుగవ్రాసి, పత్రికయంతటికి నొకే గొంతు సమకూర్చిరి. సంస్కృతమునందలి బేతాళకథలు ఇరువదియైదు. చందమామయందు విక్రమార్కుడు శవమును భుజముపై వేసికొని నడచిన కథలు వందలకొలది. పాతమూసలో క్రొత్తకథలు పోయుటయు, ప్రతికథ చివరను పాఠకుడు తానే యాలోచింపవలసిన చిక్కుప్రశ్న నుంచుటయు సామాన్యమైన పనులు కావు. ధారావాహికలను దాసరి సుబ్రహ్మణ్యంగారు నడపిరి. నెలనెల కథ నెచ్చట నాపినచో బాలుడు తపాలాబంట్రోతుకొఱకు గుమ్మమున నిలువబడునో వారికి బాగుగా దెలియును.

చిత్రకారులు

చందమామకు రచనయెంతయో చిత్రమంతయే. ప్రతిపుటయందును బొమ్మ యుండును. ఆ పుటలో జరుగు కథకే ఆ పుటలోని బొమ్మ యుండవలెను. ముందుపుటలోని రహస్యమును బొమ్మ ముందే బయటపెట్టినచో కథ చెడిపోవును. ఒక సంఘటనలో ఏ క్షణమును గ్రహింపవలెనో నిర్ణయించుట చిత్రకారుని మొదటి కర్తవ్యము. దొంగ గోడ దూకినపిమ్మట వేసిన బొమ్మకంటె, గోడపై నొకకాలు వేసి వెనుకకు చూచుచున్న బొమ్మ బాలుని పుట త్రిప్పించును.

ఈ విద్యలో చందమామకు దొరకినవారు అసమానులు. చిత్రయను పేర ప్రసిద్ధులైన టి.వి. రాఘవన్‌గారు మొదటినుండి బొమ్మలు వేసిరి. వారి రాక్షసులు, మాంత్రికులు, కొండగుహలు ధారావాహికలకు ప్రాణములు. ఎం.టి.వి. ఆచార్యగారు మహాభారతవీరులను గంభీరముగా చిత్రించిరి. 1924లో జన్మించిన కె.సి. శివశంకరన్‌గారు, అనగా శంకర్‌గారు, మద్రాసు చిత్రకళాశాలలో దేవీప్రసాద రాయచౌధురిగారి కాలమున శిక్షణపొంది, కలైమగళ్ పత్రికలో కొన్నియేండ్లు పనిచేసి, 1952లో చందమామలో చేరిరి. కత్తి దూసి, శవమును మోయుచు నడచు విక్రమార్కుని బొమ్మ వారిదే. శ్రీకాకుళమున 1921లో జన్మించిన వడ్డాది పాపయ్యగారు, అనగా వపాగారు, కశింకోటలో చిత్రలేఖనోపాధ్యాయులుగా నుండినవారు. వారి వర్ణచిత్రములు ముఖపత్రములపై వెలసి, రవ్వంత రంగుకాగితమును నోచుకోని పల్లెయిండ్లలో గోడల కెక్కెను.

గమనింపుడు. ఒకరు కళాశాలలో జదివిరి, ఒకరు బడిలో పిల్లలకు గీతలు నేర్పుచు తమ విద్యను పెంచుకొనిరి. ఒకరు తమిళులు, ఒకరు కన్నడదేశమువారు, ఒకరు తెలుగువారు. వీరినందఱను గుర్తించి, ఎవరికి దగిన కథను వారికి అప్పగించుటయే సంపాదకుని నేర్పు. చక్రపాణిగారు కుంచె పట్టలేదు. ఏ బొమ్మ కథను నడపునో, ఏది కేవల మలంకారమో గ్రహింపగల దృష్టి మాత్రము వారికి గలదు.

వ్యాపార ధర్మము

ధనమునుగూర్చి మాటలాడుట సాహిత్యమునకు తగదని కొందఱి యభిప్రాయము. అది సరికాదు. చిత్రకారునకు కూలి గిట్టనిచో బొమ్మ సన్నగిల్లును. బొమ్మ సన్నగిల్లినచో బాలుడు పుస్తకమును మూసివేయును. రంగుల ముద్రణ వ్యయముతో గూడినది. బ్లాకులు చేయించుట, మంచి కాగితము కొనుట, నాలుగు రంగులు ఒకదానిపై నొకటి తొలగకుండ అద్దుట, ఇవి యొక్క భాషలోని చందాలతో గిట్టుబాటగుట కష్టము.

చక్రపాణి నాగిరెడ్డిగార్లు ఈ చిక్కును విడదీసిన విధానము నేటికిని నేర్వదగినది. చిత్రమునకు భాష లేదు. తెలుగుబాలునకు వేసిన సింహము తమిళబాలునకును సింహమే. కనుక వేసిన బొమ్మలనే యన్నిభాషల సంచికలకు నుపయోగించి, వ్రాత మాత్రము మార్చిరి. 1949లో కన్నడ, హిందీ సంచికలు వెలువడెను. పిమ్మట మరాఠీ, మలయాళము, గుజరాతీ, ఆంగ్లము మొదలగునవి చేరి, కాలక్రమమున పండ్రెండుకు మించిన భాషలయందు పత్రిక ప్రచురింపబడెను. ఒక్క బొమ్మకు పెట్టిన వ్యయము ఇన్ని సంచికలమీద బంచబడుటచేత, వెల సామాన్యులకు అందుబాటులో నుండగనే చిత్రకారులకు నెలజీతముండెను. జీతమున్నచో మనసు నిలుచును. మనసు నిలిచిన చిత్రకారుడు ఇరువదియేండ్లకు ఇంకను గొప్పవాడగును. చిత్రగారును శంకర్‌గారును దశాబ్దములతరబడి యొక్కచోటనే పనిచేయుటకు ఇది ముఖ్యకారణము.

ఇదే జంట విజయాసంస్థను నెలకొల్పి, 1951లో పాతాళభైరవిని, 1955లో మిస్సమ్మను, 1957లో మాయాబజారును, 1962లో గుండమ్మకథను తెలుగువారికొసగినది. చలనచిత్రములలో నంతటి పేరు సంపాదించియు చక్రపాణిగారు పిల్లల పత్రికను చిన్నపనిగా నెంచి విడిచిపెట్టలేదు.

ఒక లోపము

మహనీయుల చరిత్రయందు లోపములు చెప్పకుండుట భక్తియేగాని చరిత్ర కాదు. పత్రికపై సంపాదకులుగా చక్రపాణిగారి పేరును, నిర్వాహకులుగా నాగిరెడ్డిగారి పేరును అచ్చయ్యెను. ముప్పదియేండ్లు కలము పట్టిన కుటుంబరావుగారి పేరు అచ్చట కనబడలేదు. అనేక కథలు కర్తలపేర్లు లేకయే వెలువడెను. పత్రికకు నొకే గొంతుండుటకు ఇది తోడ్పడినదని సమర్థింపవచ్చును. కాని దానివలన, తాము ప్రేమించిన కథలను వ్రాసినవారెవరో తెలియకయే రెండు తరముల పిల్లలు పెరిగిరి. పెద్దవారైనపిమ్మట తెలిసికొని యాశ్చర్యపడినవారు పెక్కుమంది. వ్రాసినవారి పేరును, బొమ్మవేసినవారి పేరును పిల్లల పుస్తకముపై స్పష్టముగా ముద్రించుట ధర్మము. పేరు చూచిన బాలునకు, ఇది మనుష్యులు చేయు పనియే, నేనును చేయవచ్చునను తలంపు కలుగును.

అవసానము - తరువాతి స్థితి

చక్రపాణిగారు 1975 సెప్టెంబరు 24వ తేదీన స్వర్గస్థులైరి. 1978లో చిత్రగారును, 1980లో కుటుంబరావుగారును, 1992లో వపాగారును గతించిరి. పత్రిక వారి వారసత్వముపై మఱికొన్ని దశాబ్దములు నడచెను. 2007లో నొక ముంబయి సంస్థ దానిని కొనెను. 2013 నాటికి ప్రచురణము నిలిచిపోయెను. శంకర్‌గారు తొంబదియాఱవ యేట, 2020లో పరమపదించిరి. ఆనాటి చిత్రకారులలో వారే కడపటివారు.

పత్రిక యాగిపోవుటకు కాలము మాఱుట యొక కారణము. గృహములలోనికి దూరదర్శనయంత్రము వచ్చెను, పిమ్మట చేతిఫోను వచ్చెను. కాని అది యొక్కటియే కారణమని సరిపెట్టుకొనుట తప్పు. చక్రపాణిగారివంటి చూపు, కుటుంబరావుగారివంటి కలము, చిత్ర, శంకర్‌గార్లవంటి కుంచెలు ఒక్క కప్పుక్రింద చేరి, ఒకరి విద్య నొకరు మెఱుగుపెట్టుకొనుట మఱల జరుగలేదు. ఆ విద్య గురువునుండి శిష్యునకు అందవలసినది. అందించు ఏర్పాటు లేనిచో మనుజులతోడనే ముగియును.

మన కర్తవ్యము

పోషకులకును, సభ్యులకును మనవి యొక్కటి. విద్యార్థులకు వేతనములిచ్చుట, వసతిగృహములు కట్టించుట ఘనమైన కార్యములే. వానితోబాటు ఏటేట నొక్క పిల్లలపుస్తకమును వెలువరించు భారమును గూడ వహింపుడు. అచ్చువేయించినంత మాత్రమున చాలదు. వ్రాయువానిని, బొమ్మవేయువానిని మొదటినుండి యొక్కచోట కూర్చుండబెట్టుడు. ఇరువురకు తగిన ప్రతిఫలమిండు. చిత్తుప్రతిని మన బడిపిల్లలకు చదివి వినిపింపుడు. ఎచ్చట వారు కిటికీవంక చూచిరో అచ్చట మార్పుడు. అచ్చైన ప్రతులను బీరువాలో దాచక, దోనెమీద పోవలసిన లంకలకైనను పంపుడు.

కథలకొఱకు దూరము పోనక్కఱలేదు. వేసవిలో నెఱ్ఱెలువాఱు కొల్లేటి నేల, వఱదలో గట్లు దాటు నీరు, వేలమైళ్ళు దాటి వచ్చు పక్షులు, ఆటపాకలో గూళ్ళు గట్టు గూడబాతులు, ఇవన్నియు మన బాలుర సొత్తు. వంగదేశపు పల్లెను తెలుగు పల్లెగా జేసి చూపినవారి మార్గమున, మన సరస్సును పుస్తకముగా జేసి మన పిల్లలకు జూపుట దుష్కరము కాదు. క్షయరోగముతో మంచముపై పండుకొని క్రొత్తభాష నేర్చిన వ్యక్తిని దలచుకొన్నప్పుడు, ఆరోగ్యవంతులమైన మనము సాధనములు లేవనుట కవకాశము లేదు. ఈ సభకు వచ్చిన యువకులలో, యువతులలో నొక్కరైనను ఈ వృత్తిని చేపట్టినచో, వారిని పోషించు దాత యొక్కరైనను ముందునకు వచ్చినచో, యీ జీవితకథ చెప్పిన ప్రయోజనము నెఱవేఱును. అట్టి శుభము మన బాలబాలికలకు కలుగుగాక!